గడప బయట తొమ్మిదో నంబరు జత

ఆదివారం మధ్యాహ్నం, బయట వాన

అక్కకి నమస్కారాలతో శ్రీను రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. జ్వరం లేదు, దగ్గు లేదు, రెండు పూటలా తింటున్నాను. ఈ మూడూ నువ్వు అడగకముందే చెప్పేస్తున్నాను. నువ్వెలా ఉన్నావు? కళ్ళలోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయా? దీపం కింద నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కుట్టొద్దని డాక్టరు చెప్పాడా లేదా? మిషను బెల్టు మార్పించావా, లేక ఇంకా సుద్దముక్క రుద్ది నడిపిస్తున్నావా? ఇంటి ఓనరు సరోజినమ్మగారి మోకాలు ఎలా ఉంది? చీరాలలో ఎండలు మొదలై ఉంటాయి. ఇక్కడ నాకు చెమట పట్టి ఎన్నాళ్ళయిందో.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటి అనుకుంటావేమో. నువ్వే కదా అన్నావు, "ఫోన్లో అరుస్తావురా నువ్వు, కాగితం మీద అరవలేవు, రాసి పంపు" అని. సరే, రాస్తున్నాను. నువ్వు అడిగింది ఒకటే మాట. లైన్‌మన్ ప్రసాదుగారు నిన్ను పెళ్ళి చేసుకుంటానన్నారు, ఆయనకి మార్కాపురం బదిలీ అయ్యేలా ఉంది, ఈలోగా అవుననో కాదనో చెప్పాలి, నువ్వేమంటావురా అని. నేను "నేనొచ్చేదాకా ఆగు" అని ఫోను పెట్టేశాను. తర్వాత చేస్తే నువ్వు తియ్యలేదు. నా జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది. కానీ ఆఖరి కాగితం ముందు చదవొద్దు. నీ సంగతి నాకు తెలుసు, వారపత్రికలో సీరియల్ కూడా చివరి నుంచే చదువుతావు. ఈసారికి మొదటి నుంచి చదువు.

ఐర్లండు వచ్చాక నేస్ ఊళ్ళో మందుల ఫ్యాక్టరీలో దొరికిన ఏసీ పని పోయింది కదా. కాంట్రాక్టరు మనుషుల్ని సగానికి కోసేశాడు. కోతలో ముందు పోయేది చేతులకి గ్రీజు అంటినవాళ్ళే. నాతో ఇల్లు పంచుకున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళు "రిసెషన్ బ్రో, ఏం చేస్తాం" అని భుజాలెగరేస్తారు. వాళ్ళు నాతో ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడతారు. ఫ్రిజ్జు చెడిన రోజు మాత్రం వాళ్ళకి తెలుగు వచ్చేస్తుంది. "అన్నా, కొంచెం చూడవా" అని. నాకు ఒళ్ళు మండుతుంది, అయినా చూస్తాను. చెడిపోయిన మిషను ఎదురుగా ఉంటే నేను ఊరుకోలేనని నీకు తెలుసు.

ఇప్పుడు మైకేల్ అనే చిన్న కాంట్రాక్టరు దగ్గర చేరాను. ఇక్కడ పాడి రైతులందరి దగ్గరా పాలు చల్లగా ఉంచే పెద్ద ట్యాంకులుంటాయి. ఫ్రిజ్జే అక్కా, మనిషి కాళ్ళు చాపి పడుకునేంత ఫ్రిజ్జు. ఈ నెలల్లో ఆవులన్నీ వరసగా ఈనుతాయి, పాలు ఒక్కసారిగా వచ్చి పడతాయి, ట్యాంకులు కూడా సరిగ్గా అప్పుడే మొరాయిస్తాయి. నాకొక వ్యాను ఇచ్చి పంపాడు. రోజూ తిరిగిరావడానికి దూరం, హోటలుకి మైకేల్‌కి మనసొప్పదు. అందుకని దారిలో బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇళ్ళల్లో దింపుతున్నాడు. అంటే సొంత ఇంట్లోనే ఓ గది అద్దెకిచ్చి, పొద్దున టిఫిను పెట్టి పంపిస్తారు. ఈ నెలంతా నేను ఊరూరా ఎవరెవరి ఇళ్ళలోనో పడుకుంటున్నాను.

ఇక్కడంతా గడ్డి. ఊరు దాటితే గడ్డి, ఆ గడ్డి దాటితే ఇంకో గడ్డి. కొండ లేదు, గుట్ట లేదు. ఆకాశం తిన్నగా నేల మీదికే దిగిపోతుంది. గాలి వచ్చినప్పుడు గడ్డి మీద అల లేచి ఆ చివరిదాకా పోతుంది. మొదటిరోజు వ్యాను ఆపి అలాగే చూస్తూ నిలబడ్డాను. వాడరేవులో మనం నిలబడ్డట్టే ఉంది, ఉప్పు వాసన ఒక్కటే లేదు. నీ చెయ్యి పట్టుకుని అల వచ్చినప్పుడల్లా నేను వెనక్కి ఎగిరేవాణ్ణి, నువ్వు చీర తడిసిపోతోందని తిడుతూనే ఇంకాస్త ముందుకి లాక్కుపోయేదానివి. ఆ గడ్డి ముందు నిలబడి నేను నిజంగానే ఓ అడుగు వెనక్కి వేశానంటే నవ్వుతావు.

గడ్డి మధ్యలో అక్కడక్కడా సగం కట్టి వదిలేసిన ఇళ్ళ వరసలున్నాయి. కిటికీలకి అద్దాలు లేవు, గుమ్మాలకి తలుపులు లేవు. కట్టిన కుర్రాళ్ళంతా ఆస్ట్రేలియాకో కెనడాకో పోయారు. రేడియో పెడితే చాలు, పెద్దమనుషులు గొంతు సవరించుకుని మనందరం ఖర్చుల్లో బిగబట్టుకోవాలి అంటారు. మీరు ఏం బిగబట్టారయ్యా అని వ్యానులో ఒక్కణ్ణే అరుస్తాను. వినేవాడెవడూ లేడు కాబట్టి గొడవ లేదు.

ఇళ్ళ గురించి చెప్తాను, నీకు ఇష్టం కదా. మొదటి ఇంటావిడ ప్రతిదానికీ ఒక చీటీ అంటించింది. కుళాయి మీద చీటీ, లైటు మీద చీటీ, తువ్వాలు మీద కూడా పిన్నుతో గుచ్చిన చీటీ. రెండో ఇంటాయనకి లెటర్‌కెన్నీ ఆసుపత్రిలో గుండె పరీక్ష చేసిన డాక్టరు మనవాడట. "నీకు తెలిసే ఉంటాడు, పొట్టిగా ఉంటాడు" అన్నాడు. తెలీదంటే నమ్మలేదు. దేశమంతా ఒక్క వీధి అనుకుంటాడు. టిఫిను మాత్రం ఏ ఇంట్లోనైనా ఒకటే, పళ్ళెం నిండా పంది మాంసం. నేను గుడ్లు, రొట్టె చాలంటాను. నువ్వు పంపిన కందిపొడి రొట్టె మీద చల్లుకుంటాను. నవ్వకు, బాగానే ఉంటుంది. డబ్బా అడుగు కనిపిస్తోంది, ఇంకొంచెం పంపు. సీసాలో పెట్టొద్దు, పోయినసారి పగిలి చొక్కాలన్నీ ఇంగువ కంపు.

మూడో ఇల్లు బ్రీడా అనే ఆవిడది. ఈ ఉత్తరమంతా ఆ ఇంటి గురించే అనుకో. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు డెక్లన్, వడ్రంగి. ఇళ్ళు కట్టడం ఆగిపోగానే పెర్త్ పోయాడు. ఆ గడ్డి మధ్య ఆవిడ ఒక్కతే ఉంటుంది. పక్కిల్లు కనిపిస్తుంది గాని పిలిస్తే వినపడదు.

నేను వెళ్ళేసరికి సాయంత్రం. పేడలో తిరిగిన బూట్లు కదా, మన అలవాటు కొద్దీ గడప బయటే విప్పి గోడవారగా పెట్టాను.

"లోపలికి తెచ్చుకో బాబూ, తడుస్తాయి" అంది.

"మేం ఇంట్లోకి వేసుకురామండీ. పేడ ఉంది."

"మా ఆయన బతికినంతకాలం పేడతోనే వచ్చాడు. కార్పెట్టుకేం కాలేదు."

"మీ కార్పెట్టుకి కాకపోవచ్చు. మా అక్క చూస్తే నా వీపు పగులుతుంది" అన్నాను.

ఆవిడ పెద్దగా నవ్వింది. "సరే సరే, గ్రాండ్" అంది. ఇక్కడ అన్నిటికీ అదే మాట. వాన పడినా గ్రాండే, ఉద్యోగం పోయినా గ్రాండే. తడిసిన నా మేజోళ్ళు తీసుకుపోయి వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమరలో ఆరేసింది. తర్వాత గుమ్మంలో నిలబడి ఆ బూట్లకేసి కాసేపు చూసింది. అప్పుడు నాకేం అర్థం కాలేదు.

మర్నాడు సాయంత్రం ఓ కారు గేటు దగ్గర నెమ్మదించి, హారన్ కొట్టి పోయింది. ఆ తర్వాతిరోజు నేను మేడ మీద బట్టలు మార్చుకుంటుంటే కింద ఎవరో తలుపు కొట్టారు. పక్కిల్లు టామ్ అని ఓ ముసలి రైతు. ఆయన గొంతు ఆ గడ్డి చివరిదాకా వినపడుతుంది.

"వచ్చాడటగా! బూట్లు చూశాను. ఎప్పుడొచ్చాడు డెక్లన్?"

నేను మెట్ల మీద ఆగిపోయాను. బ్రీడా అంది కదా, "పడుకున్నాడు టామ్. ప్రయాణం బడలిక."

"లేపకు, లేపకు. ఇదిగో మా ఆవిడ ఆపిల్ టార్టు చేసింది. లేచాక పెట్టు."

ఆయన పోయాక కిందికి వచ్చాను. నాకు ఒళ్ళంతా వేడెక్కిపోయింది. నన్ను పెట్టుకుని నాటకమా అనిపించింది. అడిగేద్దామని నోరు తెరిచాను. ఆవిడ నా మొహం చూడకుండా ఆ టార్టు కేకులో పెద్ద ముక్క కోసి నా ముందు పెట్టింది. నేను నోరు మూసుకుని తిన్నాను. నీ తమ్ముడు నోరు మూసుకోవడం చూడాలంటే నువ్వు ఐర్లండు రావాలి.

మరుసటిరోజు టామ్ మళ్ళీ వచ్చాడు. బ్రీడా పెరట్లో కోళ్ళ దగ్గర ఉంది, తలుపు నేనే తీశాను. ఆయన నన్ను చూశాడు, నా ఒట్టి కాళ్ళు చూశాడు, బూట్లు చూశాడు.

"ఆ బూట్లు నావి" అన్నాను. "నేను డెక్లన్‌ని కాదు. శ్రీను. పాల ట్యాంకులు బాగుచేస్తాను. మీరు పొరబడ్డారు, ఆవిడ మిమ్మల్ని పొరబడనిచ్చింది. ఇందులో నా ప్రమేయమేమీ లేదు."

"కాళ్ళకి చలెయ్యట్లేదూ?" అన్నాడు.

"వేస్తోంది."

"మరి బయటెందుకు పెట్టావు?"

"ఇంట్లోకి బూట్లతో వెళ్ళకూడదని మా అక్క పెంచింది, అందుకు."

ఆయన నవ్వి, గొంతు తగ్గించాడు. ఆ మనిషికి తగ్గించడం వచ్చని అప్పుడే తెలిసింది. "మొదటిరోజే తెలుసులేవోయ్. ఇవి తొమ్మిదో నంబరు. డెక్లన్‌ది పన్నెండు, వాడి బూట్లో పిల్లి పిల్లల్ని పెట్టొచ్చు."

"తెలిసి టార్టెందుకు తెచ్చారు?"

"ఈ రోడ్డు మీద రాత్రిళ్ళు ఎవరో వెధవలు తిరుగుతున్నారు. ట్యాంకుల్లో డీజిల్ తోడేస్తున్నారు, ఒంటరి ఇళ్ళ తలుపులు తోసి చూస్తున్నారు. పోలీసులు వస్తారు, రాసుకుంటారు, పోతారు. కొడుకు వచ్చాడని ఊరంతా చెప్పుకుంటే ఆ మాట వాళ్ళ చెవిన కూడా పడుతుంది కదా. నేను పబ్బులో గట్టిగానే చెప్పాను."

గేటు దాకా పోయి, వెనక్కి తిరిగి, పెరట్లోకి వినపడేలా అరిచాడు: "బ్రీడా! డెక్లన్‌కి నా నమస్కారం చెప్పు, నిద్ర చెడగొట్టలేదు!" నాకేసి చూసి కన్ను కొట్టాడు.

అక్కా, ఆ గుమ్మంలో నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే మన రైల్వేగేటు వీధిలోకి వచ్చి పడ్డాను. అమ్మ తర్వాత నాన్న కూడా పోయాక ఆయన చెప్పులే గడప బయట ఉంచావు. అవి ఎండకి పగిలి ముక్కలయ్యాక, స్కూలుకి చెప్పులు లేవని నేను ఏడిస్తే బజారుకి తీసుకెళ్ళావు. నా కాలికి ఐదో నంబరు. నువ్వు కొన్నది తొమ్మిది. కొట్టువాడు "అమ్మా, పిల్లాడికి పడవలా ఉన్నాయి" అంటే "పెరుగుతాడు" అన్నావు. స్కూల్లో అందరూ డొక్కు రిక్షా వస్తోందని ఏడిపించేవాళ్ళు. నడుస్తుంటే టపా టపా చప్పుడు. ఇంటికొచ్చి వాటిని గోడకేసి కొట్టాను. నువ్వు ఏమీ అనకుండా తీసుకుపోయి, కడిగి, గడప బయట పెట్టావు. ఇరవై ఏళ్ళు కూడా నిండని ఆడపిల్లవి, ఓ పసివాడు, అద్దె వాటా. ఆ ఇంట్లో ఓ మగాడున్నాడని వీధిలో పోయేవాళ్ళు అనుకోవాలి. అది నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.

సరోజినమ్మగారు రోజూ పొద్దుపోయాక వరండాలోంచి మన తలుపుకేసి చూసి "ఏమండీ, భోజనాలయ్యాయా?" అని అరిచేది గుర్తుందా? మనిద్దరమే ఉంటే ఈవిడ అండీ అనేది ఎవర్ని, చాదస్తమా అని నేను వెక్కిరించేవాణ్ణి. ఆవిడకీ తొమ్మిదో నంబరు సంగతి తెలుసని నాకు టామ్ చెప్పాలా! ఆవిడ మోకాలు నొక్కి నా నమస్కారం చెప్పు. చాదస్తమన్నందుకు వచ్చినప్పుడు చెవులు పట్టుకుంటాను.

నేను ఆ చెప్పులకి సరిపడా పెరిగేసరికి అవి అరిగిపోయాయి. మళ్ళీ అదే నంబరు కొన్నావు. ఇక్కడికి వచ్చేటప్పుడు నా చెప్పులు పెట్టెలో సర్దుకోబోతే నువ్వు తీసి పక్కన పెట్టేశావు. "అక్కడ చలికి చెప్పులెందుకురా" అన్నావు. చలి గురించి కాదని నాకు తెలుసు, నాకు తెలుసని నీకూ తెలుసు. మనిద్దరం అలాంటివి పైకి చెప్పుకోం.

బ్రీడా ఇంట్లో ఆఖరిరోజు పొద్దున కిటికీలోంచి చూశాను. ఆవిడ తలుపు తీసుకుని బయటికొచ్చింది. కోళ్ళకి గింజలు వెయ్యబోతూ ఆగి, అటూ ఇటూ చూసి, ఓ బూటుని కాలి బొటనవేలితో కొంచెం పక్కకి తిప్పింది. రెండోదాన్ని కాస్త వెనక్కి నెట్టింది. ఎవరో బయటికెళ్ళి తిరిగొచ్చి విడిచినట్టు. అక్కా, నువ్వు రోజూ సందెవేళ చేసేది అచ్చం అదే. అదే బొటనవేలు, అదే దొంగచూపు. నాకు కళ్ళు మసకేసి కిటికీ అద్దం మీద ఆవిరి అనుకుని తుడిచాను.

నేను గుడ్లు తింటుంటే ఫోను మోగింది. డెక్లనే. ఆవిడ చెవికి దూరంగా పెట్టుకుంటుంది, అందుకని అతని మాట నాక్కూడా వినిపించింది. "వచ్చే ఏడాది తప్పకుండా వస్తాను మామ్." ఆవిడ "గ్రాండ్, గ్రాండ్" అంది. పెట్టేశాక టీ పోస్తూ నన్నడిగింది: "ఆ బూట్ల అడుగు విడిపోయినట్టుంది, పారేస్తావా?"

పాలపాకల్లో కడిగే మందుకి అడుగు నిజంగానే ఊడొచ్చింది. ఊళ్ళో కొత్తవి కొన్నాను కూడా. అయినా నాకు కోపం ఆగలేదు.

"బూట్లు ఉంచుకుని ఏం చేస్తారండీ? వాటికి మీతో టీ తాగడం వస్తుందా?"

ఆవిడ కోప్పడలేదు. "రాదు" అంది. "కానీ నాకు ఇంకెవరున్నారు చెప్పు, తలుపు దగ్గర పెట్టుకోవడానికి?"

బూట్లు అక్కడే వదిలేశాను. నేను వ్యాను ఎక్కేలోపు ఆవిడ వాటికి పాలిషు కూడా వేసింది. అద్దంలో చూస్తే గుమ్మం, గుమ్మం పక్కన నల్లగా మెరుస్తున్న తొమ్మిదో నంబరు జత, వాటి పక్కన చెయ్యూపుతూ ఆవిడ. కాస్త దూరం పోయాక వ్యాను గడ్డివారగా ఆపేశాను. ఇక్కడో గడప దగ్గర నా బూట్లు. చీరాలలో ఓ గడప దగ్గర నా చెప్పులు. నేను రెండిళ్ళలోనూ లేను.

ఇప్పుడు నీ మాటకి వస్తాను. నేనొచ్చేదాకా ఆగు అన్నాను. నేనెప్పుడొస్తాను? నాకే తెలీదు. పోయినేడు నీతో వచ్చే ఏడాది అన్నాను. ఇప్పుడూ అదే అంటాను. బ్రీడాకి వేరే దారి లేదు, పాపం, బూట్లు పెట్టుకుంది. నీకు మనిషి ఉన్నాడు. నిలువెత్తు మనిషి, తనంతట తాను వచ్చి అడుగుతున్నాడు. చెప్పులు దొంగని భయపెడతాయేమో గాని, జ్వరమొస్తే మాత్ర తెచ్చివ్వవు. నీ ఎదురుగా కూర్చుని అన్నం తినవు.

ఆయన మీద నాకు కోపం లేదని అబద్ధం చెప్పను. గాలివానకి వీధంతా చీకటైతే స్తంభమెక్కి మన వాటాకే ముందు కరెంటు ఇచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఫ్రిజ్జు గురించి నాకే పాఠం చెప్పబోయిన మనిషి. ఆయన భార్య పోయి చాలాకాలమైంది, కూతురికి నీ చేత్తో గౌన్లు కుట్టించుకెళ్ళేవాడు, అదంతా నేను చూడలేదనుకున్నావా? ఈ వయసులో పెళ్ళేమిటని వీధిలో ఎవరైనా మూతి తిప్పితే నా నంబరు ఇవ్వు. ఫోన్లో అరవడం నాకు బాగా వచ్చని నువ్వే అన్నావు.

పెళ్ళికి నేను రాలేను. ఈ ట్యాంకుల పని వదిలితే మైకేల్ ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. నాకోసం ముహూర్తం జరపొద్దు. బాబాయిని పీటల దగ్గర కూర్చోబెట్టు, వద్దంటే నేను మాట్లాడతాను. కాళ్ళు కడిగేటప్పుడు నా పేరు చెప్పమను. ఫోటోలు పంపు. నువ్వు నవ్వకుండా బిగుసుకున్న ఫోటో పంపావంటే తిప్పి పంపేస్తాను.

ఒక్క పని చెయ్యి. గడప బయట నా చెప్పులున్నాయి కదా, అవి తీసెయ్. ఎవరికీ ఇవ్వొద్దు, చెత్తలో వెయ్యొద్దు. మీరిద్దరూ వాడరేవు వెళ్ళినప్పుడు తీసుకెళ్ళి అలలో వదిలెయ్. అల వచ్చినప్పుడు వెనక్కి ఎగరొద్దు.

నేను వేళకి తింటున్నాను, మేజోళ్ళు పొడివే వేసుకుంటున్నాను, ఎవరితోనూ గొడవ పడట్లేదు, రేడియోతో తప్ప. దిగులు పడకు. నీ కళ్ళు జాగ్రత్త. కందిపొడి మరిచిపోకు. పెద్దదానివి, తలమీద చెయ్యి పెట్టి దీవించావనుకుని ఇక్కడే తల వంచుతున్నాను. సరోజినమ్మగారికీ బాబాయికీ పిన్నికీ నమస్కారాలు. ప్రసాదుగారి పాపకి ముద్దులు.

బావకి నా నమస్కారాలు చెప్పు. రోజూ ఇంటికొచ్చాక చెప్పులు గడప బయటే విడవమను.

నీ తమ్ముడు
శ్రీను